క్షయకు ప్రైవేటులో మందులు... మరి ఛాతీ ఆసుపత్రికి వెళ్లాలా?

గాజువాకలో ప్రైవేటు డాక్టరు దగ్గర క్షయకు మందులు మొదలుపెట్టారు. మూడు వారాలకే దగ్గు తగ్గింది. ఇంతలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి రమ్మని ఫోను. 'మళ్లీ అక్కడికెందుకు?' అనిపిస్తుంది. వెళ్లండి. డాక్టరును మార్చనక్కర్లేదు, మందులు ఆపొద్దు.

క్షయ కేసును ప్రైవేటు వైద్యులూ ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి తప్పనిసరి. మీ నంబరు అలా చేరిందే, ఎవరో చాడీ చెప్పి కాదు.

అసలు సంగతి కళ్లె పరీక్ష. ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు మీ క్రిమి లొంగుతుందో లేదో జన్యు పరీక్షలో తేలుతుంది, ఉచితంగా. లొంగకపోతే ఇవే మాత్రలు ఆరు నెలలు మింగినా జబ్బు పోదు. ఇంట్లోవాళ్లనూ పరీక్షిస్తారు. నిక్షయ్‌లో నమోదైతే పోషకాహారానికి నెలకు రూ.1,000 ఖాతాలో పడుతుంది.

ప్లాంటులో షిఫ్టు కుదరకపోతే మరో రోజు అడగండి. ఎక్స్‌రే, మందుల చీటీ, మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి.