రొయ్యల మేతలో బలవర్ధకాలు

కోస్తా జిల్లాల రైతు రొయ్యల చెరువులో చల్లేదానినీ, మేతలో కలిపేదానినీ కూడా ‘మందు’ అనే అంటాడు. ఒకే మాటకు ఇంతటి అర్థవిస్తృతి ఉండడం భాషాభిమానులకు ముచ్చటే గాని, అప్పు తెచ్చి చెరువు త్రవ్వించిన వానికి అది ప్రమాదకరం. మేతలో కలిపే బలవర్ధకం వేరు, రోగాన్ని కుదిర్చే ఔషధం వేరు.

ఈ భేదం తెలియాలంటే రొయ్య శరీరతత్త్వం కొంత తెలియాలి. మానవుని రక్తంలో, ఒకసారి సోకిన రోగాన్ని గుర్తుంచుకొని ఎదిరించే ప్రతిరక్షకాలు పుడతాయి. టీకాలకు ఆధారం అదే. రొయ్యకు ఆ భాగ్యం లేదు. పైనున్న గట్టి పెంకు, శత్రుకణాలను మ్రింగివేసే రక్తకణాలు, గాయమైన చోట నల్లని మెలనిన్‌ను పుట్టించి క్రిములను బంధించే ఎంజైముల వరుస, ఇవే దాని ఆయుధాలు. ఈ సహజరక్షణను మేల్కొల్పడమో, పోషించడమో తప్ప బలవర్ధకాలు చేయగలిగింది లేదు.

వీటిలో బీటాగ్లూకాన్ ముఖ్యమైనది. ఇది ఈస్టు కణాల గోడలలో ఉంటుంది. అది మేతతో లోనికి పోగానే శిలీంధ్రమేదో ప్రవేశించిందని రక్తకణాలు భ్రమపడి యుద్ధసన్నద్ధమౌతాయి. శత్రువు రాకముందే కోటలో నగారా మ్రోగించినట్లన్నమాట. అయితే నగారా నిత్యమూ మ్రోగితే సైనికులు అలసిపోతారు. అందుచేత దీనిని పంటకాలమంతా ఎడతెగక ఇవ్వడం కంటె, కొన్నాళ్ళిచ్చి కొన్నాళ్ళు ఆపడం మేలు.

సి విటమిను సంగతి వేరు. రొయ్య దానిని తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అది లోపిస్తే పెంకు క్రింది కణజాలం నల్లబడి, గాయాలు మానవు. మామూలు సి విటమిను నీటిలో కరిగి, వేడికి నశిస్తుంది గనుక మేత తయారీలో ఫాస్ఫేటుతో కూడిన స్థిరరూపాన్ని వాడతారు. ఇక బాసిల్లస్ జాతి మేలుచేసే బాక్టీరియా ప్రేగులలో స్థానమాక్రమించి, విబ్రియో వంటివాటికి చోటు తగ్గిస్తుంది. చెరువుగట్టున కలిపేటప్పుడు ఇటువంటి వాటిని జిగురుతో మేతగుళికలకు పట్టించి, నీడన ఆరబెట్టి చల్లాలి. లేకుంటే పెట్టిన డబ్బు అక్షరాలా నీటిపాలే.

1994-95లో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరాన టైగరు రొయ్య పంటను చాలవరకు తుడిచిపెట్టింది. 2009లో అనుమతి పొందిన వెనామీ రకం సాగును తిరిగి నిలబెట్టినా, ఆ వైరస్‌కు నేటికీ చికిత్స లేదు. తన పొట్లం దానిని నయం చేస్తుందనే దుకాణదారుని నమ్మరాదు. యాంటీబయాటిక్‌ల జోలికి పోతే మరొక చిక్కు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు నిషిద్ధాలు. వాటి అవశేషం కనబడితే విదేశాలు సరకును త్రిప్పి పంపుతాయి.

పరీక్షించిన పిల్ల, చాలినంత ప్రాణవాయువు, కుళ్ళు పేరుకోని అడుగు లేనిచోట ఏ బలవర్ధకమూ అక్కరకు రాదు. ఇంట చెరువులున్న విద్యార్థి, ఒకే పిల్లను వేసిన రెండు చెరువులలో ఒకదానికి మాత్రమే బలవర్ధకమిచ్చి, రెంటి లెక్కలూ వేరువేరుగా వ్రాసిపెడితే, ఆ ఖర్చు తన తండ్రికి అవసరమో కాదో పంట పట్టేనాటికి కొంత తేలుతుంది.