తండ్రిగా డార్విన్

జీవపరిణామ సిద్ధాంతకర్తగా ఛార్లెస్ డార్విన్ పేరు మన విద్యార్థులందరికీ పరిచితమే. ఆయన తండ్రి అయిన కథ మాత్రం పాఠ్యపుస్తకాల కెక్కలేదు.

1838లో, పెండ్లికి పూర్వం, డార్విన్ ఒక కాగితం తీసికొని, వర్తకుడు జమాఖర్చులు వ్రాసినట్లు, ఒక ప్రక్క వివాహం వలని లాభాలను, రెండవ ప్రక్క నష్టాలను వ్రాసికొన్నాడు. బిడ్డలు కలగడం లాభాలలోనే ఉన్నది. కాని వారి కయ్యే ఖర్చు, వారిని గురించిన దిగులు, పుస్తకాలకు డబ్బు చాలకపోవడం, కాలం వ్యర్థం కావడం నష్టాలలో చేరినవి. ముప్పది యేండ్లయినా నిండని పండితునికి కాలమే ధనం గదా! చివరకు మనస్సు పెండ్లివైపే మొగ్గినది. 1839 జనవరిలో ఎమ్మాను వివాహమాడినాడు.

ఆ డిసెంబరు 27న విలియం పుట్టినాడు. తండ్రి వెంటనే నోటుపుస్తకం తెరచినాడు. తుమ్ము, ఆవులింత, కోపం, తొమ్మిదవ నాడు కొవ్వొత్తిపై నిలిచిన చూపు, ఇట్టివన్నీ గుర్తించినాడు. 1877లో వాటినే వ్యాసంగా ప్రకటించినాడు. ఇంతవరకు శాస్త్రజ్ఞుడే. కాని అయిదు నెలల పసివానిలో ఇంత విశేషం ఉంటుందని తానెన్నడూ ఊహించలేదని 1840లో మిత్రుడు ఫాక్సుకు వ్రాసినవాడు కేవలం శాస్త్రజ్ఞుడు కాడు. బిడ్డ కౌగిలికి మించిన సుఖం లేదని నన్నయగారి శకుంతల నిండుసభలో దుష్యంతునికి చెప్పవలసి వచ్చినది. డార్వినుకు ఎవరూ చెప్పనక్కరలేకపోయినది.

1842లో ఆ కుటుంబం లండను విడిచి డౌన్ గ్రామం చేరినది. మొత్తం పదిమంది బిడ్డలు కలిగినారు. కత్తెర కావాలన్నా, దారం కావాలన్నా, సుత్తి కావాలన్నా పిల్లలు తండ్రి పనిగదిలోకే జొరబడేవారు. మరీ విసుగు పుట్టినప్పుడు, ఇంకొకసారి రాకుండా ఉండలేరా అని బ్రతిమాలేవాడట! తండ్రి వ్రాసికొనే గది గడప త్రొక్కడానికే పిల్లలు జంకే ఇండ్లు మన కెన్ని తెలియవు? వ్యర్థమగునని ఆయన భయపడిన కాలం ఈ విధంగా ఖర్చయినది.

దిగులు అని కాగితంపై వ్రాసిన మాటకు అర్థం 1851లో తెలిసినది. పదేండ్ల ఆనీ జబ్బుపడి, చికిత్సకై వెళ్లిన మాల్వెర్న్‌లో ఏప్రిల్ 23న కన్నుమూసినది. నిండు గర్భిణి అయిన ఎమ్మా ఇంటివద్దనే ఉండిపోయినది. తండ్రే మంచము విడువక కూర్చున్నాడు. వారం తిరిగేలోగా ఆమె నవ్వును, నడకను, చేష్టలను తలచుకొంటూ కొన్ని పుటలు వ్రాసిపెట్టినాడు. ఆ వ్రాతలో పరిశోధన లేదు.

1858 జూన్‌లో వాలెస్ ఉత్తరం వచ్చినది. ఇరువది యేండ్లుగా తాను పెంచుకొన్న సిద్ధాంతమే అందులో ఉన్నది. సరిగా ఆ రోజులలోనే ఏడాదిన్నర కొడుకు స్కార్లెట్ జ్వరం పాలై 28న మరణించినాడు. జూలై 1న లండనులో లినియన్ సొసైటీ సభ ఇద్దరి వ్రాతలను విన్నది. ఏర్పాట్లన్నీ లయెల్, హుకర్ అనే మిత్రులే చూచినారు. డార్విన్ ఆ సభకు పోలేదు.

మరుసటి యేడు వెలువడిన జాతుల ఆవిర్భావ గ్రంథపు వ్రాతప్రతిలో చాలా పుటలు నశించినవి. మిగిలిన కొద్దిపాటిలో కొన్ని, వెనుకవైపు పిల్లలు బొమ్మలు వేసికొన్నందువల్లనే దక్కినవి. ఒకదానిపై పండ్లకూ కూరగాయలకూ ఘోరయుద్ధం జరుగుతున్నది.