ఓపెన్ బుక్ పరీక్ష: పుస్తకం చేతిలో ఉన్నా చదువు తప్పదు

పరీక్ష గదిలోకి పుస్తకాలు తీసుకువెళ్లవచ్చని తెలియగానే విద్యార్థికి ఊరట కలుగుతుంది. తల్లిదండ్రులకు అనుమానం కలుగుతుంది. చూసి రాసేదానిని పరీక్ష అని ఎలా అంటారన్నది వారి ప్రశ్న. ఛార్టర్డ్ అకౌంటెన్సీ చదువుతున్న వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది. భారత ఛార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, అంటే ఐ.సి.ఎ.ఐ., 2024 మే నుంచి కొత్త విధానంలో నిర్వహిస్తున్న ఫైనల్ పరీక్షలో ఆరవ పేపరు ఓపెన్ బుక్ పద్ధతిలో ఉంటుంది. దాని పేరు ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్. మార్కులు 100, వ్యవధి 4 గంటలు. అంతకు ముందున్న విధానంలో కూడా ఆరవ పేపరుగా ఎంచుకునే ఐచ్ఛికాంశాన్ని పుస్తకాలు చూసే రాసేవారు.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ పరీక్షకు కేంద్రాలున్న నగరాలలో బిలాస్‌పూర్ ఒకటి. 2003 ఏప్రిల్ 1 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న ఈ నగరంలో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఈ కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ, పాఠ్యపుస్తకాలను ఎక్కువగా ఇంగ్లీషులో చదువుతారు. పుస్తకంలో కావలసిన పేజీని నిమిషాలలో వెతికి, చదివి, అర్థం చేసుకోవలసిన పరీక్షలో వారికి ఇది చిన్న విషయం కాదు.

రైల్వేకు కొత్త కాదు

నిజానికి పుస్తకాలతో రాసే పరీక్ష రైల్వే కాలనీలకు కొత్త కాదు. రైల్వే అకౌంట్స్ విభాగంలో పదోన్నతి కోసం రాసే అపెండిక్స్-3 పరీక్షలో, ఆచరణాత్మక ప్రశ్నలకు కోడ్‌లు, మాన్యువల్ పుస్తకాలను అనుమతించే సంప్రదాయం చాలా కాలంగా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఉద్యోగులు రాసే డిపార్ట్‌మెంటల్ పరీక్షలలోనూ కొన్ని పేపర్లకు నిర్ణీత పుస్తకాలు తీసుకువెళ్లవచ్చు.

దీని వెనుక ఉన్న ఆలోచన సులభమైనదే. ఏ అకౌంట్స్ అధికారీ వందలాది నిబంధనలను కంఠస్థం చేసి బిల్లు పాస్ చేయడు. పుస్తకం తీసి, సరైన నిబంధనను పట్టుకొని, తన ముందున్న కాగితానికి అది వర్తిస్తుందో లేదో నిర్ణయిస్తాడు. పరీక్ష కూడా ఆ నిర్ణయశక్తినే కొలవాలి. ఓపెన్ బుక్ పద్ధతికి ఇదే మూలం.

ఇంటి వద్ద రాసిన పరీక్ష వేరు

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకోవలసి ఉంది. కరోనా కాలంలో, 2020, 2021 సంవత్సరాలలో ఛత్తీస్‌గఢ్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఇళ్ల వద్దనే జవాబులు రాసి సమర్పించారు. 2021 జూన్‌లో రాష్ట్ర బోర్డు పన్నెండవ తరగతి విద్యార్థులు కూడా ప్రశ్నపత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి, జవాబుపత్రాన్ని ఐదు రోజులలోగా తిరిగి అందజేశారు. ఆ అసాధారణ పరిస్థితిలో విద్యాసంవత్సరం నష్టపోకుండా చేసిన ఏర్పాటు అది.

అయితే పుస్తకాలు చూడకుండా రాయడానికి తయారుచేసిన ప్రశ్నను పుస్తకాలు చూసి రాస్తే అది ఓపెన్ బుక్ పరీక్ష అయిపోదు. "నిర్వహణ మూలధనం అంటే ఏమిటి? దానిని ప్రభావితం చేసే అంశాలను వివరించండి" అని అడిగితే, పుస్తకం తెరిచినవాడు రెండు పేజీలు ఎత్తి రాస్తాడు. అక్కడ కొలిచేది చేతిరాత వేగాన్ని మాత్రమే. ఓపెన్ బుక్ పద్ధతిలో అసలు మార్పు ప్రశ్నలో రావాలి. పుస్తకాన్ని అనుమతించడం దాని పర్యవసానమే.

ప్రశ్న ఎలా ఉంటుంది?

ఊహాజనితమైన ఒక ఉదాహరణ చూద్దాం. బిలాస్‌పూర్ సమీపంలో ఒక చిన్న బియ్యం మిల్లు ఉన్నదనుకుందాం. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కింద అది నమోదై ఉంది. సంవత్సరానికి అమ్మకాలు 3 కోట్ల 65 లక్షల రూపాయలు, అంటే రోజుకు లక్ష. సరుకంతా ఒకే పెద్ద కంపెనీకి 30 రోజుల అరువుపై వెళుతోంది. ఆ కంపెనీ ఇప్పుడు గడువును 60 రోజులకు పెంచమని అడుగుతోంది. అందుకు బదులుగా ధర 2 శాతం పెంచి ఇస్తానంటోంది. మిల్లు బ్యాంకు నుంచి తీసుకునే అప్పుపై వడ్డీ 12 శాతం. యజమానికి మీరిచ్చే సలహా ఏమిటన్నది ప్రశ్న.

మొదటి మెట్టు లెక్క. ఇప్పుడు రావలసిన బకాయి సుమారు 30 లక్షలు. కొత్త ధరతో 60 రోజులకు అది 61 లక్షల 20 వేలు అవుతుంది. అదనంగా చిక్కుకుపోయే 31 లక్షల 20 వేలపై సంవత్సరానికి వడ్డీ సుమారు 3 లక్షల 74 వేలు. ధర పెరగడం వల్ల వచ్చే అదనపు ఆదాయం 7 లక్షల 30 వేలు. లెక్క ప్రకారం మూడున్నర లక్షల లాభం కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి "అంగీకరించవచ్చు" అని రాస్తారు.

రెండవ మెట్టు చట్టం. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006లోని 15వ సెక్షన్ ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించరాదు. మించితే, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించాలని 16వ సెక్షన్ చెబుతోంది.

మూడవ మెట్టు పన్ను. ఆదాయపు పన్ను చట్టం, 1961లో 2023 ఆర్థిక చట్టం ద్వారా చేర్చిన 43బి(హెచ్) నిబంధన ప్రకారం, గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు వాస్తవంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపగలడు. అంటే 60 రోజుల ఒప్పందం అడుగుతున్న కంపెనీకి కూడా పూర్తిగా లాభం కాదు.

నాలుగవ మెట్టు వ్యాపార వివేకం. ఒక్కరే కొనుగోలుదారు ఉన్న మిల్లు, చట్టం తన పక్షాన ఉందని ఆ కంపెనీపై ఫిర్యాదు చేయగలదా? 45 రోజులకు ఒప్పించి, ధరను ఎంతవరకు బేరమాడవచ్చు? మరో కొనుగోలుదారును వెతకడం అవసరమా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. మార్కులలో ఎక్కువ భాగం నిర్ణయమయ్యేది ఇక్కడే.

సమయమే అసలు పరీక్ష

నాలుగు గంటలంటే 240 నిమిషాలు. 100 మార్కులకు పంచితే ఒక్కో మార్కుకు 2 నిమిషాల 24 సెకన్లు. అందులోనే పేజీల కొద్దీ ఉండే కేసు వివరాలు చదవాలి, ఆలోచించాలి, రాయాలి. ఒక్కో నిబంధన వెతకడానికి 3 నిమిషాలు పట్టి, అలా 20 సార్లు వెతికితే గంట సమయం ఖర్చయిపోతుంది. మొదటిసారి పరీక్ష గదిలోనే తెరిచిన పుస్తకం సహాయం చేయకపోగా కాలాన్ని హరిస్తుంది.

అందువల్ల సన్నాహం కొన్ని విషయాలపై ఆధారపడి ఉంటుంది. మోసుకువెళ్లే పుస్తకాలు తక్కువగా ఉండాలి, అవి విద్యార్థి స్వయంగా చదివి గుర్తులు పెట్టుకున్నవై ఉండాలి. సొంతంగా ఒక విషయసూచిక తయారుచేసుకోవాలి. "ఆలస్యపు చెల్లింపు" అన్న మాట ఎదురుగా, అది ఏయే పుస్తకాలలో ఏయే పేజీలలో ఉందో రాసుకుంటే వెతుకులాట తగ్గుతుంది. ఇంగ్లీషు పేరాను వేగంగా చదవలేనివారు, తెలుగులో గానీ హిందీలో గానీ సాధన చేసుకుని, ముఖ్యమైన పరిభాషను మాత్రం ఇంగ్లీషులోనే గుర్తుంచుకోవడం మంచిది.

పుస్తకం ఏ సంవత్సరపు ముద్రణ అన్నది మరింత ముఖ్యం. 43బి(హెచ్) లేని పాత పుస్తకంతో పై ఉదాహరణకు పూర్తి జవాబు రాయలేము. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దానితో సెక్షన్ల సంఖ్యలూ మారతాయి. సీనియర్ల నుంచి పుస్తకాలు తీసుకునే అలవాటున్నవారు, తాము రాసే పరీక్షకు ఏ చట్టం వర్తిస్తుందో ఐ.సి.ఎ.ఐ. ప్రకటనలో ముందుగా చూసుకోవాలి. పరీక్ష గదిలో పక్కవారి పుస్తకం అడగడం, ఎలక్ట్రానిక్ పరికరాలు వాడడం నిషిద్ధమన్న సంగతి ఓపెన్ బుక్ పేపరుకూ వర్తిస్తుంది.

ఉపాధ్యాయుల పాత్ర

ఈ పద్ధతి విఫలమైన సందర్భమూ దేశంలో ఉంది. సి.బి.ఎస్.ఇ. 2013-14లో తొమ్మిది, పదకొండవ తరగతులకు ఓపెన్ టెక్స్ట్ పరీక్షను ప్రవేశపెట్టింది. పదకొండవ తరగతిలో ఎంచుకున్న విషయాలలో అర్థశాస్త్రం ఒకటి. పాఠ్యభాగాన్ని నెలల ముందే విద్యార్థులకు అందజేసేవారు. విమర్శనాత్మకంగా ఆలోచించే శక్తిని పెంచాలన్న లక్ష్యం నెరవేరలేదన్న అభిప్రాయంతో 2017-18 నుంచి దానిని నిలిపివేశారు. ఇప్పుడు 2026-27 నుంచి తొమ్మిదవ తరగతిలో ఓపెన్ బుక్ మూల్యాంకనానికి మళ్లీ ఆమోదం లభించింది.

ముందుగా తెలిసిన పాఠానికి జవాబులు కూడా ముందుగానే తయారవుతాయి. కనుక ప్రశ్నపత్రం తయారుచేసేవారు ప్రతిసారీ కొత్త సందర్భాన్ని కల్పించాలి. దిద్దేవారు, ముగింపు వేరైనా తర్కం సరిగా ఉన్న జవాబును గుర్తించాలి. ఇవి రెండూ శ్రమతో కూడిన పనులు. బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం, అటల్ బిహారీ వాజ్‌పేయీ విశ్వవిద్యాలయాల పరిధిలో వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థికి డిగ్రీలోనే ఇటువంటి ప్రశ్నలు నెలకొకటైనా ఎదురైతే, సి.ఎ. ఫైనల్‌లో ఆరవ పేపరు కొత్తగా తోచదు. అటువంటి సాధన తరగతిలో దొరకనివారు నలుగురు కలిసి, వార్తాపత్రికలోని వ్యాపార వార్తనే ప్రశ్నగా తీసుకుని, గడియారం ముందు పెట్టుకుని, పుస్తకాలు తెరిచి రాసి, ఒకరి జవాబును మరొకరు దిద్దుకోవచ్చు.