పొరుగింట నిప్పు – బాటసారి కర్తవ్యము

వింజమూరులో బస్సెక్కి, కావలిలో రైలందుకొని కాశికి పోయిన యాత్రికునకు, ఇంతదూరము వచ్చితిమి గదా, పశుపతినాథుని కూడ దర్శింతమన్న కోరిక కలుగుట సహజము. నేపాళమునకు మనకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టుగాని, ఓటరు గుర్తింపు కార్డుగాని చాలును. అందుచేతనే అది పరదేశమన్న సంగతి మరచిపోవుదుము. 2025 సెప్టెంబరులో ఆ సంగతి తెలుగువారికి గట్టిగా గుర్తుకు వచ్చినది.

ఆ నెల 4వ తేదీన నేపాళ ప్రభుత్వము ఫేస్‌బుక్, వాట్సాప్ మొదలుగా 26 సామాజిక మాధ్యమములను నిషేధించినది. అవినీతిపై అదివరకే ఆగ్రహముతోనున్న యువజనులు 8వ తేదీన కాట్మండు వీథులలోనికి వచ్చిరి. ఆ ఒక్కనాడే దేశమున 19 మంది అసువులు బాసిరి. ఆ రాత్రియే నిషేధమును తొలగించినను మంట చల్లారలేదు. మరునాడు ప్రధాని ఓలీ రాజీనామా ఇచ్చెను. పార్లమెంటు, సింహదర్బారు, సుప్రీంకోర్టు తగులబడినవి. కాట్మండు విమానాశ్రయము మూతపడినది.

యాత్రలకు వెళ్లిన తెలుగువారు వసతిగృహములలో చిక్కుకొనిరి. ఉన్నచోటనే ఉండుడు, వీథులలోనికి రాకుడని భారత ప్రభుత్వము హెచ్చరించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమరావతినుండి వారి జాబితాలు కూర్చి, ఫోనులో యోగక్షేమములు విచారించుచు, 11వ తేదీన ప్రత్యేక విమానములో 140 మందికి పైగా విశాఖపట్నమునకు, తిరుపతికి చేర్చినది.

ఉన్నచోటనే ఉండుట మంచిదే. కాని ఆ చోటు ఎట్టిదో తెలిసియుండవలెను. కాట్మండులో ఒక పెద్ద హోటలుకు ఆందోళనకారులు నిప్పు పెట్టగా, పై అంతస్తునుండి దిగబోయి ఒక భారతీయ వనిత పడి మరణించినది. కనుక గది తీసుకొన్నవెంటనే కిటికీలోనుండి కనబడు కొండలకంటె ముందు, రెండవ మెట్లదారి యెక్కడనో చూచుకొనవలెను. ప్రభుత్వ కార్యాలయములకు, నాయకుల నివాసములకు చేరువనున్న బసను మానుకొనుట మేలు.

ఇక వేడుక చూచు బుద్ధి. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా, చుట్టకు నిప్పడిగినవాని కథ మనకు తెలిసినదే. పొరుగుదేశపు కష్టమును ఫోనులో చిత్రించుటకు వీథికెక్కినవాడును అట్టివాడే. అచటి న్యాయాన్యాయములను తేల్చుకొనువారు అచటి ప్రజలు; అతిథి ఏ పక్షపు నినాదమును పలుకరాదు, ఏ గుంపు వెంటను నడువరాదు.

ఆ నిషేధము మరియొక పాఠము నేర్పినది. నిత్యము మాటలాడు సాధనము ఒక్క ఉత్తరువుతో మూగవోవచ్చును. ఆపదలో జాబితాకెక్కవలెనన్నను ఎవరెక్కడ నున్నారో ముందు ఇంటివారికి తెలియవలెను గదా! ఏ రోజున ఏ ఊరిలో బస, అచటి ఫోను నంబరు, మన రాయబార కార్యాలయపు నంబరు, పాస్‌పోర్టులోనున్న పేరు, ఇవన్నియు ఒక కాగితముపై రెండు ప్రతులుగా వ్రాసి, ఒకటి యాత్రికుని జేబులో, ఒకటి ఇంటిలో ఉంచవలెను.

నేపాళ పటమును చూపు ఉపాధ్యాయుడు ఆ పూటనే పిల్లలచేత ఇట్టి కాగితమును వ్రాయింపవచ్చును. తాతగారి యాత్రకు మనుమరాలు వ్రాసి గోడకంటించిన ఆ కాగితమే, ఒకనాడు ఆయనను ఇల్లు చేర్చు దారి కావచ్చును.