ఇంట్లో చేసిన పవర్ మీటర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

స్వయంగా కట్టుకున్న 7 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ నిజంగా 5 వాట్లు ఇస్తోందా? సాధారణ మల్టీమీటర్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు కంపిస్తే, ఈ సంకేతం 70 లక్షల సార్లు కంపిస్తుంది. దాన్ని కొలిచే ప్రయోగశాల పరికరాలు ఖరీదైనవి. అందుకే చాలామంది హామ్ రేడియో అభిమానులు సొంతంగా పవర్ మీటర్ చేసుకుంటారు. అయితే అందులో ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

ముందుగా, యాంటెన్నాకు బదులు ఆ శక్తిని వేడిగా మార్చే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ కావాలి. 1 కిలో ఓమ్, 2 వాట్ల ఫిల్మ్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపితే సరిపోతుంది. తీగ చుట్టిన పెద్ద రెసిస్టర్ ఒక్కటే పెడితే? వేడిని తట్టుకుంటుంది కానీ, అధిక పౌనఃపున్యాల వద్ద కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. తిన్నని తీగకూ ఈ గుణం కొంత ఉంటుంది. సెంటీమీటరు తీగకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉందనుకుందాం. 7 మెగాహెర్ట్జ్ వద్ద దాని అవరోధం అర ఓమ్ లోపే. 144 మెగాహెర్ట్జ్ వద్ద 9 ఓమ్‌లు! వేడి కోసం లోడును పెద్దది చేస్తే తీగలు పొడవవుతాయి, పై పౌనఃపున్యాల్లో కొలత చెడుతుంది.

కొలిచే పనికి ఎక్కువమంది వాడేది ఏడీ8307 అనే చిప్. ఇది 500 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది. సంకేతం ఒక డెసిబెల్ పెరిగితే 25 మిల్లీవోల్టులు ఎక్కువ చూపుతుంది. కానీ దాని గరిష్ఠ పరిమితి సుమారు 50 మిల్లీవాట్లే. కాబట్టి 5 వాట్లను అటెన్యుయేటర్‌తో వెయ్యో వంతుకు తగ్గించి ఇవ్వాలి. అప్పుడు మరీ బలహీన సంకేతాలు దానికి కనిపించవు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ చిప్ పౌనఃపున్యాలను వేరు చేయదు. ట్రాన్స్‌మిటర్ ఫిల్టర్ చెడిపోతే 14, 21, 28, 35 మెగాహెర్ట్జ్‌ల వద్ద హార్మోనిక్స్ వెలువడి ఇతరుల ప్రసారాలకు అంతరాయం కలిగిస్తాయి. మొత్తం శక్తిలో పదో వంతు ఇలా పోయినా, లెక్క ప్రకారం తేడా సుమారు 0.5 డెసిబెల్ మాత్రమే. మీటరు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

దీనికో మార్గం హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన స్వీపెరినోలో కనిపిస్తుంది. ఏడీ8307కు సై570 ఆసిలేటర్‌ను, ఆర్డుయినోను జోడించిన పరికరమిది. పౌనఃపున్యాన్ని మనమే పుట్టించి, మార్చుకుంటూ పోతాం కాబట్టి, మీటరు దాన్ని గుర్తించాల్సిన అవసరం తగ్గుతుంది. ఫిల్టర్ ఏ పౌనఃపున్యాన్ని ఎంత ఆపుతోందో నేరుగా చూడవచ్చు.

ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. జెనరేటర్ చదరపు తరంగం ఇస్తే, అందులో మూడో హార్మోనిక్ ఎత్తు అసలు తరంగంలో మూడో వంతు ఉంటుంది. పై పౌనఃపున్యాలను మాత్రమే వదిలే ఫిల్టర్‌ను పరీక్షిస్తే ఆ హార్మోనిక్ దాటుకుపోతుంది. మంచి ఫిల్టర్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

ఇంటి పరికరంలో లోపం తప్పదు. అది ఏ కొలతను ఎటు మళ్లిస్తుందో తెలిస్తే, ఆ పరికరంతోనే నమ్మదగిన పని చేయవచ్చు.