పాదయాత్రికుని పక్కబట్టలు

స్పెయిన్ దేశపు వాయవ్యకోణమున, గలీసియా ప్రాంతమునందున్న సాంతియాగో దె కొంపోస్తేలా నగరమున యేసుక్రీస్తు శిష్యుడగు యాకోబు సమాధి కలదను విశ్వాసము తొమ్మిదవ శతాబ్ది ప్రారంభమునుండి నెలకొనియున్నది. ఆ సమాధిని దర్శింపగోరి యూరపు నలుమూలలనుండి భక్తులు కాలినడకన వచ్చిన బాటలన్నియు నేడు కమీనో అను ఒకే పేరున ప్రసిద్ధములు. వానిలో మిక్కిలి జనసమ్మర్దముగల బాట ఫ్రాన్సు సరిహద్దునందలి సేంజాన్ ప్యే ద పోర్ అను చిన్న ఊర బయలుదేరి, పిరెనీసు పర్వతములను దాటి, బుర్గోస్, లెయోన్ నగరముల నడుమనున్న మెసేటా పీఠభూమిమీదుగా సాగి, ఇంచుమించు 780 కిలోమీటర్ల దూరమున గమ్యమును చేరును. ఇంతదూరమును నాలుగైదు వారములు నడచువాడు రాత్రికొక ఊర, రాత్రికొక పరుపుమీద నిద్రింపవలసినవాడు. ఆ పరుపునకును అతని ఒడలికిని నడుమ ఉండవలసినదేమి అను ప్రశ్న పైకి అల్పముగా కన్పట్టినను, దానిని విప్పబోవువానికి ఉష్ణశాస్త్రము, శరీరధర్మశాస్త్రము, కీటకశాస్త్రము మూడును ఎదురువచ్చును.

బాటపొడవునను యాత్రికులకై ఆల్బెర్గేలను సత్రములు వెలసియున్నవి. కొన్ని పురపాలకసంఘములవి, కొన్ని చర్చీలవి, కొన్ని ప్రైవేటువారివి. చర్చీల సత్రములు కొన్నిటిలో నిర్ణీతమైన రుసుమే లేదు, పెట్టెలో తోచినది వేయుటయే. మజిలీ మజిలీకి ముద్రలు వేయించుకొనుచు వచ్చిన యాత్రికపత్రమును చూపినవానికి ఒక మంచము దొరకును. మంచమనగా ఒకదానిపై నొకటి అమర్చిన రెండంతస్తుల మంచములలో ఒక అంతస్తు. దానిపై తరచుగా రెక్సిన్ తొడిగిన పరుపు, ఒక్కొక్కచోట దిండు, అంతే. గలీసియా ప్రభుత్వపు సత్రములలో ఒక్కరాత్రి వాడి పారవేయదగిన పలుచని దుప్పటిని, దిండు గలీబును ఇత్తురు. కంబళ్లు ఒకచోట ఉండును, మరొకచోట ఉండవు. కోవిడ్ వచ్చిన పిమ్మట ఉన్నచోటులందును అనేకులు వానిని తీసివేసిరి. కనుక తన పక్కబట్టలను తానే మోసికొనిపోవుట యాత్రికునకు విధియైనది.

ఇది క్రొత్త సంగతి కాదు. మధ్యయుగపు యాత్రికునకు పగలు వానకును చలికిని కప్పుకొనిన ముతకబట్టయే రాత్రి పక్కయు దుప్పటియు నయ్యెడిది. నాటి ధర్మశాలలలో ఒకే మంచమున ఇద్దరు ముగ్గురు పరుండుటయు వాడుకయే. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు వెడలినప్పుడు డేరాలను, బోయీలను వెంటబెట్టుకొని పోగలిగెను. వీపుమీది సంచియే సర్వస్వమైన కమీనో యాత్రికునకు ఆ వైభవము లేదు.

నిద్రించు మనుష్యుడు ఇంచుమించు 70 వాట్ల ఉష్ణమును, అనగా పాతకాలపు విద్యుద్దీపమొకటి ఇచ్చునంత వేడిమిని, ఎడతెగక వెదజల్లుచుండును. నిద్రపట్టబోవు వేళ చేతులయందును పాదములయందును రక్తనాళములు విప్పారి, లోపలి వేడిమి చర్మమార్గమున వెలికిపోవుటచేత, శరీరాంతర్భాగపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీవరకు దిగజారును; ఇది నిద్రకు అవసరమైన ఏర్పాటే గాని లోపము కాదు. మెలకువనున్నవాడు చలివేసినచో కదలును, కప్పుకొనును, వణకును. స్వప్నములు విరివిగా వచ్చెడి రెమ్ దశలోనైతే వణకు, చెమట మున్నగు నియంత్రణచర్యలు దాదాపు స్తంభించును. ఆ దశ తెల్లవారుజామున దీర్ఘమగును. గదియు అప్పుడే మిక్కిలి చల్లబడును. పదిగంటలకు దుప్పటి తన్నివేసి హాయిగా నిద్రించినవాడు నాలుగుగంటలకు ముడుచుకొని మేల్కొనుటకు ఇదియొక కారణము. బుర్గోస్, లెయోన్ నగరములు సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైని ఉన్నవి. పగలు మాడ్చివేసిన ఎండను చూచి పక్కబట్టలను ఇంటికి పంపివేయువారు ఆ ఎత్తును మరచుచున్నారు.

చర్మమునకును బట్టకును నడుమనున్న సన్ననిపొర 30 డిగ్రీలు దాటి 34కు లోపల ఉన్నంతవరకు నిద్ర సుఖముగా సాగును. ఆ పొరను కాపాడునది బట్ట కాదు, గాలి. కదలని గాలి ఉష్ణమును మిక్కిలి మందముగా ప్రసరింపజేయును. దూదియైనను, ఉన్నియైనను, బాతు రొమ్ముమీది నూగైనను చేయునదెల్ల ఆ గాలిని చిన్నచిన్న గదులలో కదలకుండ బంధించుటయే. బరువునుబట్టి చూచినచో ఈ విద్యలో బాతునూగునకు సాటివచ్చునది లేదు. అయితే మనుష్యుడు ఒకరాత్రిలో తనకు తెలియకయే చర్మమునుండియు ఊపిరినుండియు పావులీటరు ప్రాంతమున నీటిని ఆవిరిగా విడుచును. గలీసియాలో దీనికి వానయు తోడగును. తడిసిన నూగు ఉండలుకట్టి, గాలిగదులు కూలిపోయి, మోతకు తప్ప మరి దేనికిని కొరగాకపోవును. కృత్రిమపు పోగులతో నింపిన స్లీపింగ్ బ్యాగు బరువైనను తడిలో కొంత వెచ్చదనమును నిలుపుకొనును. ఉన్ని మరియొక చమత్కారము చూపును: తన బరువులో మూడవవంతువరకు నీటియావిరిని పీల్చుకొనియు తడిగా తోపదు. మన గొర్రెలకాపరి జడివానలో గొంగడి కప్పుకొని నిలుచుట ఈ గుణమును నమ్మియే. కాని గొంగడిని 780 కిలోమీటర్లు మోయుమని నేను ఎవ్వరికిని సలహా ఇయ్యను.

సత్రపు రెక్సిన్ పరుపు తుడిచినంతనే శుభ్రపడును, నల్లులకు చొరవ ఇయ్యదు. అదే గుణముచేత చెమటకును చొరవ ఇయ్యదు. వట్టి ఒంటితో దానిపై పరుండినవాని వీపు అంటుకొనిపోవుటకు కారణమిదియే. నడుమ ఒక పలుచని పట్టుబట్టయో నూలుబట్టయో ఉన్నచో అది తేమను పీల్చి, విశాలముగా పరపి, ఆరనిచ్చును. మరియొక సంగతి: స్లీపింగ్ బ్యాగులో మన క్రిందిభాగమున ఉన్న నూగు దేహభారముచేత నలిగి గాలిని కోల్పోవును, అక్కడ వెచ్చదనము నిచ్చునది నిజమునకు పరుపులోని స్పాంజియే. కావున పరుపు దొరకునని నమ్మకమున్న ఈ బాటలో అడుగుభాగమును మోయుట వ్యర్థము. సంచివలె కుట్టిన పట్టుదుప్పటి ఒకటి, పైన కప్పుకొనుటకు తేలికైన బొంత ఒకటి, వేసవికి ఇంతకంటె అక్కరలేదని నా మతము. వసంతమునను శరత్తునను నడచువారికి స్లీపింగ్ బ్యాగే మేలు.

స్లీపింగ్ బ్యాగు కొనువారు దానిపై ముద్రించిన అంకెలను తెలిసి చదువవలెను. ఐఎస్ఓ 23537 అను ప్రమాణము ననుసరించి, వేడిచేసిన బొమ్మను సంచిలో పరుండబెట్టి ఉష్ణనష్టమును కొలిచి, కంఫర్టు, లిమిటు మున్నగు ఉష్ణోగ్రతలను నిర్ణయింతురు. సగటు స్త్రీ ఒళ్లు సడలించి పరుండి చలి యెరుగక నిద్రింపగల హద్దు మొదటిది. సగటు పురుషుడు ముడుచుకొని ఎట్లో నెట్టుకొనిపోగల హద్దు రెండవది. ఈ రెంటికిని నడుమ ఐదారు డిగ్రీల అంతర ముండుట కలదు. అమ్మువారికి రెండవ అంకె ప్రియము, నిద్రపోవువారు చూడవలసినది మొదటిది.

బరువు విషయమున దీర్ఘముగా చెప్పనక్కరలేదు. వీపుమీది మోత దేహభారములో పదవవంతు మీరరాదని బాట యెరిగినవారి మాట. అది శాస్త్రనియమము కాకున్నను మంచి నియమము. మోత పెరిగినకొలది నడకకు వ్యయమగు శక్తియు దాదాపు అదే పాళ్లలో పెరుగును. పట్టుసంచి 150 గ్రాములు, నూలుసంచి దానికి రెట్టింపునకు పైన, స్లీపింగ్ బ్యాగు 700 గ్రాములనుండి కిలోవరకు తూగును. అరవై కిలోల మనిషికి ఆరుకిలోల మోత అనుమతియైనచో అందులో ఆరవవంతును నిద్రకు ఇచ్చుట న్యాయమే.

ఇక నల్లి. యూరపులోని జాతి పేరు సైమెక్స్ లెక్టులారియస్. ఉష్ణదేశములందు సైమెక్స్ హెమిప్టెరస్ అను దాని సోదరజాతి హెచ్చు. రెండవ ప్రపంచయుద్ధానంతరము డీడీటీ ధాటికి ఐరోపా, అమెరికా దేశములలో నల్లి అరుదై, మందులను తట్టుకొను శక్తి సంపాదించుకొని, 1990ల చివరనుండి మరల విజృంభించెను. దీనికి రెక్కలు లేవు, ఎగురలేదు, గెంతలేదు. ఒకచోటినుండి మరియొకచోటికి పోవలెనన్న మన సామానే దానికి వాహనము. రాత్రికొక మంచము మారు వందలకొలది యాత్రికులు ఒకే దిక్కునకు కదలు బాట దానికి రాజమార్గమనుటలో ఆశ్చర్యమేమి? మురికి దాని ఆహారము కాదు, రక్తమే ఆహారము. కనుక నల్లి కనబడినంతనే సత్రపువారిని అశుభ్రులని నిందించుట అన్యాయము.

మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, దేహపు వేడిమిని పసిగట్టి అది దరిజేరును. దాని లాలాజలమునందు రక్తము గడ్డకట్టకుండ చేయు పదార్థములును, రక్తనాళములను విప్పార్చు పదార్థములును ఉండును. ఐదుపది నిమిషములలో కడుపునింపుకొని పోవువరకు సాధారణముగా మనకు తెలియదు. దద్దుర్లు మరునాడో, ఆ తరువాతనో లేచును. కొందరికి లేవనే లేవవు. పిల్లనల్లి పెద్దదగుటకు ఐదుమార్లు కుబుసము విడువవలెను, ప్రతిమారును ఒకసారి రక్తము త్రాగవలెను. ఆహారము లేకయు నెలలతరబడి బ్రతుకగలదు. కలతపడినప్పుడు అది విడుచు వాసనలోని ఆల్డిహైడులు కొత్తిమీర ఆకులోని వానికి దగ్గరి చుట్టములు. ఒక్క ఊరట: ఇది దోమవలె మనుష్యులకు రోగములను అంటించునని రుజువు కాలేదు.

షెఫీల్డు విశ్వవిద్యాలయమువారు 2017లో ప్రకటించిన ప్రయోగమొకటి పాదచారులకు మిక్కిలి ఉపయుక్తము. మనుష్యుడు లేని గదిలో విడిచిన బట్టల సంచిని, ఉతికిన బట్టల సంచిని పెట్టి నల్లులను వదలగా, విడిచినబట్టలమీద రెట్టింపు నల్లులు చేరెను. కావున చెమటబట్టలను మూతిగట్టిన ప్లాస్టిక్ సంచిలో ఉంచుటయు, సామానును మంచముమీద పెట్టకుండుటయు ఏ మందుకంటెను మెరుగు. పెర్మెత్రిన్ అను కీటకనాశిని పూసిన పట్టుసంచులు అంగళ్లలో దొరకును. ఆ మందును తట్టుకొను నల్లులు నేడు లోకమంతట ఉన్నవి గనుక వానిపై నాకు అంత నమ్మకము లేదు. సంచి మెడవరకే కాపాడును, ముఖమును చేతులను కాపాడలేదు. తెల్లని బట్టయందు మాత్రము ఒక లాభము కలదు: నల్లియు, అది విడిచిన నల్లని చుక్కలును దానిపై వెంటనే కనబడును.

నల్లిని నిశ్చయముగా చంపునది వేడిమి. 50 డిగ్రీలకు పైబడిన తావున పెద్దనల్లులేగాక గ్రుడ్లును నశించును; బట్టలారబెట్టు యంత్రమున ఎక్కువ వేడిమీద అరగంట త్రిప్పిన చాలును. నల్లసంచిలో కట్టి ఎండలో పెట్టుట నమ్మదగినది కాదు, ఏలననగా పైపొర కాలుచుండగా నడిమి మడతలు చల్లగా నుండును. ఆ యంత్రపు వేడిమికి పట్టు కొంత వన్నె తగ్గవచ్చును, తగ్గనిండు.

కాటు కనబడినచో సిగ్గుపడక, బయలుదేరుటకు ముందే సత్రపువారికి చెప్పవలెను. అనేకులు చెప్పక ముందుకు పోవుటచేతనే తరువాతి మజిలీయు పాడగుచున్నది. యాత్ర ముగించి ఇల్లుచేరినవారు వీపుసంచిని పడకగదిలోనికి తేక, వాకిటనే విప్పి, పక్కబట్టలను తిన్నగా బట్టలారబెట్టు యంత్రమునకే అప్పగింపుడు.