నూనెలోని నలుసు

నేలను తొలిచే బోరుబండిలో రాడ్లను తిప్పడానికి, ఎత్తడానికి, దించడానికి శక్తినిచ్చేది హైడ్రాలిక్ నూనె. సిలిండరు నుండి ఆ నూనె కారిపోకుండా కాపాడేది సీలు అనే మెత్తని వలయం. తొలిచేటప్పుడు లేచిన రాతిధూళి పిస్టన్ కడ్డీకి అంటుకొని లోపలికి చేరుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సుమారు 40 మైక్రానుల కన్న చిన్న నలుసు మన కంటికి కనబడదు. అట్టి సూక్ష్మమైన రాతిపొడి ఆకురాయి వలె సీలు అంచును అరగదీస్తుంది; కడ్డీపై గీతలు పెడుతుంది. ఆ గీతల వెంట నూనె బయటికి, ధూళి లోపలికి సాగుతాయి. సీలు చెడిన జాకీ కుంగితే బండి ఒరిగి, పనివారి ప్రాణాలకే ముప్పు వాటిల్లవచ్చు. మురికి నూనెలో కొత్త సీలు కూడా త్వరలోనే అరిగిపోతుంది. అందుచేత సీలుతోపాటు నూనెను, ఫిల్టరును కూడా సకాలంలో మార్చాలి.